దిగే నీళ్ల అంచు: పాలమూరు, నల్లగొండ చెరువుల దగ్గర పిట్టలు చూడటం

చెరువు అలుగు దుంకుతుంటే ఊరంతా కట్ట మీదికొస్తుంది. పిట్టల కోసం పోయేవాళ్లకు మాత్రం ఆ రోజు పెద్దగా పని ఉండదు. నిండు చెరువులో నీళ్లు కట్ట నుంచి తుమ్మల మొదళ్ల దాకా లోతుగా నిలిచి ఉంటాయి. బుడబుంగలు, నీటికాకులు మునిగి తింటాయి, తామరాకుల మీద నడిచే జకానాలు ఉంటాయి. మిగతావాటికి కాలు మోపే జాగా ఉండదు. అదే చెరువు రెండు మూడు నెలలు ఆగి, నీళ్లు దిగి, శిఖం (చెరువు నిండితే మునిగే లోపలి నేల) బయటపడ్డాక చూస్తే చిత్తడి అంచు పొడుగునా పిట్టలే. పాలమూరు, నల్లగొండ వైపు తిరిగేవాళ్ల చూపు ఎప్పుడూ ఆ దిగే నీళ్ల అంచు మీదే ఉండాలి.

ఎందుకంటే పిట్ట కాలు పొడుగే దాని మేత లోతు. పిచ్చుకంత ఉండే స్టింట్లు బొటనవేలి మందం నీళ్లు దాటి దిగవు. నల్ల రెక్కలు, గులాబీ కాళ్లు ఉండే స్టిల్టు జానెడు దాకా దిగుతుంది. ఎర్రకాళ్ల కొంగ నోరు సగం తెరిచి నీళ్లలో పెట్టి, చేప తగిలితే టక్కున మూస్తుంది; దానికి జానెడు నుంచి మూరెడు లోపు నీళ్లు కావాలి. తల ముంచి తోక పైకెత్తి మేసే సూదితోక బాతులకు కూడా మూరెడు దాటితే అడుగు అందదు. ఇన్ని రకాల మేతా మూరెడు లోతు లోపలే జరుగుతుంది. దానికి తోడు నీళ్లు దిగుతున్న కొద్దీ బురదలో పురుగులు, నత్తలు బయటపడతాయి. చేపపిల్లలు చిన్న గుంటల్లో చిక్కుకుంటాయి. ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే నత్తగుల్ల కొంగ గుంపులు గుంపులుగా వచ్చేది అప్పుడే.

శిఖం వాలు ఎంత అన్నది ఇక్కడ పెద్ద లెక్క. పాత చెరువు శిఖం పళ్లెంలా ఉంటుంది. వంద అడుగులకు ఒక అడుగు వాలు ఉందనుకుంటే, నీళ్లు ఒక్క అడుగు దిగితే వంద అడుగుల వెడల్పున బురద తేలుతుంది. ప్రొక్లెయినర్‌తో మట్టి తీసిన చోట వాలు నిట్టనిలువుగా ఉంటుంది. అదే అడుగు దిగితే రెండు మూడు అడుగుల అంచే మిగులుతుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక పూడిక తీసిన చెరువులు చాలా ఉన్నాయి. నీళ్లు నిలవడానికి అది మంచిదే. పిట్టలు చూసేవాళ్లు మాత్రం అలాంటి చెరువులో కట్ట దగ్గరి లోతు గుంతలు వదిలేసి, వాగు వచ్చి కలిసే ఎగువ కొసకు పోవాలి. మట్టి ట్రాక్టర్లు దిగని చోట పాత వాలు అక్కడ ఇంకా ఉంటుంది.

ఇంకో మార్పు కూడా వచ్చింది. కల్వకుర్తి ఎత్తిపోతల కింద శ్రీశైలం వెనక జలాల నుంచి, నెట్టెంపాడు కింద జూరాల నుంచి నీళ్లు ఎత్తి చెరువులు నింపుతున్నారు. ఒకప్పుడు సంక్రాంతికి సగమయ్యే చెరువు ఇప్పుడు మార్చిలో కూడా నిండుగా కనిపించొచ్చు. రైతుకు రెండో పంట దక్కుతుంది, దాన్ని కాదనేవాళ్లెవరూ ఉండరు. కానీ బురద అంచు మీద బతికే పిట్టలు ఆ ఏడాది ఆ చెరువును వదిలి కాలువ నీళ్లు అందని పక్క కుంటకు పోతాయి. అందుకే ఒక్క పెద్ద చెరువును నమ్ముకోవద్దు. ఒక కాలువ చెరువు, ఒక వాన చెరువు, ఒకటి రెండు కుంటలు కలిపి పది కిలోమీటర్ల లోపు ఒక చుట్టు తయారు చేసుకోండి. నల్లగొండ పక్కనే పానగల్లు దగ్గరున్న ఉదయసముద్రం లాంటి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌లో నీటి మట్టం వానను బట్టి మారదు, మోటార్లను బట్టి మారుతుంది. వారం కింద చూసిన బురద ఈ వారం నీళ్ల కింద ఉండొచ్చు. డిండి, కోయిల్‌సాగర్, మూసీ ప్రాజెక్టుల దగ్గర కూడా గేట్ల వైపు నిలబడితే ఏం దొరకదు. వెనక జలాలు పలచబడే కొసకు తోవ ఎటుందో ఊళ్లో అడగండి.

అడిగే పద్ధతి కూడా చెప్పాలి. శిఖంలో గొర్లు మేపే కాపరికి, వల వేసే ముదిరాజు పెద్దమనిషికి తెలిసినంత ఎవరికీ తెలియదు. కెమెరా మెడలో వేసుకుని నేరుగా శిఖంలోకి దిగితే భూముల కొలతల కోసం వచ్చారనుకుని అనుమానపడతారు. ముందు పలకరించాలి. "పెద్దయ్యా, పిట్టలు చూడనీకొచ్చినం, ఈ శిఖంల నీళ్లు ఎప్పుడు దిగుతయే?" అంటే చాలు, నెలల వారీగా చెప్తారు. చేపలు పట్టేది ఎప్పుడో కూడా తప్పకుండా అడగండి. వలలు లాగే రెండు మూడు రోజులు పిట్టలు చెదిరిపోతాయి. ఆ తర్వాత మిగిలిన మడుగుల మీదికి కొంగలు తిరిగొస్తాయి, ఆ వారం పోతే బాగా కనిపిస్తాయి.

నెలలు చెప్పుకుంటే, ఆగస్టు, సెప్టెంబరుల్లోనే మొదటి వలస పిట్టలు దిగుతాయి, అవి ఎక్కువగా పొలాల్లో. తోక ఆడించే పసుపు రంగు జిట్టంగులు, ఉల్లంకులు (శాండ్‌పైపర్లు) వరి మడుల గట్ల మీద ఉంటాయి. నవంబరు, డిసెంబరుల్లో బాతులు వస్తాయి. తల మీద రెండు నల్ల పట్టెలుండే పెద్దబాతులు హిమాలయాలు దాటి వచ్చేవి. అవి పగలు నీళ్ల నడుమ నిద్రపోతూ, తెల్లవారుజామున, మాపటేళ శిఖం గడ్డిలో, కోసిన మడుల్లో మేస్తాయి. మధ్యాహ్నం పోయి లేవనుకుని తిరిగొచ్చేవాళ్లు చాలామంది. యాసంగి నాట్లకు దమ్ము చేసే రోజుల్లో ట్రాక్టర్ వెనక నడవండి: తెల్లకొంగలు, నల్ల కంకణాలు (ఐబిస్ పిట్టలు), గోరువంకలు చక్రాల వెంటే తిరుగుతుంటాయి. జనవరి నుంచి మార్చి దాకా అంచు బాగా తేలుతుంది. ఏడాదిలో ఒక్కసారే పోగలిగేవాళ్లు ఫిబ్రవరి ఎంచుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో వలస పిట్టలు వెళ్లిపోయినా, చుట్టుపక్కల ఎండిపోయి ఒక్క మడుగే మిగిలిన చెరువు మీద ఊరి కొంగలన్నీ కూడతాయి.

ఇక వెలుతురు. మన నేల వాలు చాలా చోట్ల పడమటి నుంచి తూర్పుకు, ఆగ్నేయానికి ఉంటుంది. అందుకే చాలా చెరువులకు కట్ట తూర్పు వైపు ఉండి, నీళ్లు పడమటి వైపు పరుచుకుని ఉంటాయి. పొద్దున కట్ట మీద నిలబడితే సూర్యుడు వీపు వెనక ఉంటాడు, పిట్ట రంగులన్నీ విడివిడిగా కనిపిస్తాయి. సాయంత్రం అదే కట్ట మీద నిలబడితే అన్నీ నల్లటి బొమ్మలే. అప్పుడు ఎగువ కొసకు పోయి తూర్పు వైపు తిరిగి చూడాలి. పోయే ముందు ఫోన్‌లో మ్యాపు తెరిచి కట్ట ఏ దిక్కున ఉందో చూసుకుంటే సగం పని అయినట్టే. పొద్దు పొడిచిన అరగంట నుంచి రెండున్నర గంటలు చాలు. ఎండాకాలం తొమ్మిది దాటాక బురద మీద గాలి వేడెక్కి వణుకుతుంది. ఆ వణుకులో దూరపు పిట్ట ముక్కు పొడుగు, కాళ్ల రంగు ఏదీ తేలదు. అద్దాలు పాడయ్యాయనుకుని తుడుచుకుంటూ కూర్చుంటారు, తప్పు గాలిది.

బైనాక్యులర్ కొనేవాళ్లకు 8×42 చెప్తాను. ఎనిమిది అంటే ఎనిమిది రెట్లు పెద్దగా కనిపిస్తుందని, నలభై రెండు అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పది రెట్లది కొంటే చేతి వణుకు కూడా పది రెట్లవుతుంది, చూపు మేర తగ్గుతుంది. కొన్న రోజే చేయాల్సిన పని ఒకటుంది. కుడి అద్దం మూసి, ఎడమ కంటితో ఒక బోర్డు అక్షరాలు స్పష్టమయ్యేదాకా నడిమి చక్రం తిప్పండి. తర్వాత ఎడమది మూసి, కుడి కంటి దగ్గరుండే చిన్న రింగు తిప్పి అవే అక్షరాలు స్పష్టం చేసుకోండి. ఆ రింగును ఇక ముట్టుకోవద్దు. రెండు కళ్లకు చూపు తేడా చాలామందికి ఉంటుంది. ఇది చేయనివాళ్లకు అరగంటలో తలనొప్పి వస్తుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులు లోపలికి దించుకోవాలి, లేకపోతే చుట్టూ నల్లగా మూసుకుపోతుంది. వానాకాలం పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచకపోతే అద్దాలకు బూజు పడుతుంది.

అంచుకు యాభై అరవై మీటర్ల దూరంలోనే ఆగండి. సర్కారు తుమ్మ పొద పక్కన కూర్చుని పదిహేను నిమిషాలు కదలకుండా ఉంటే లేచిపోయిన పిట్టలు తిరిగి దిగుతాయి. పిట్టలు మేత ఆపి తలలెత్తి చూస్తున్నాయంటే మీరు ఇప్పటికే దగ్గరికి పోయారని. రెండడుగులు వెనక్కి వేయాలి. తీతువు అరిస్తే శిఖం అంతా హెచ్చరిక అందినట్టే.

కొత్తవాళ్లు అంచున అందరికన్నా ఎక్కువ తడబడేది మూడు ఉల్లంకుల దగ్గర. మూడూ గోధుమ రంగు వీపు, తెల్ల పొట్ట, ఊగే తోక. కామన్ శాండ్‌పైపర్ ఒంటరిగా కట్ట రాళ్ల మీద ఉంటుంది. వెనక భాగం ఒక్క క్షణం ఆగదు, పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. రొమ్ముకూ రెక్కకూ నడుమ తెల్లటి కొక్కెంలాంటి గుర్తు భుజం వైపు లేస్తుంది. అది కనిపిస్తే ఇక వేరే ఆలోచన అక్కర్లేదు. ఎగిరితే నీళ్లకు ఆనుకుని, రెక్కలు కిందికి వంచి, టపటపా కొట్టి కాస్త జారుతూ పోతుంది. గ్రీన్ శాండ్‌పైపర్ కూడా ఒంటరిదే, కానీ దానికి కాలువ మూలలు, చిన్న గుంటలు ఇష్టం. వీపు చాలా ముదురు, కంటి చుట్టూ తెల్ల వలయం ఉంటుంది, తెల్ల కనుబొమ కంటి ముందే ఆగిపోతుంది. లేచినప్పుడు రెక్కల అడుగు దాదాపు నల్లగా, తోక మొదలు సున్నం కొట్టినంత తెల్లగా కనిపిస్తుంది. వుడ్ శాండ్‌పైపర్ గుంపులుగా బురదలో, వరి మడుల్లో తిరుగుతుంది. వీపు నిండా పెద్ద మచ్చలు, కనుబొమ కంటి వెనక దాకా సాగుతుంది, కాళ్లు పసుపు పచ్చ, రెక్కల అడుగు లేత రంగు. కాళ్ల రంగును మాత్రం ఒంటిగా నమ్మొద్దు. నల్లరేగడి బురద అంటిన పసుపు కాలు నల్లగా కనిపిస్తుంది. లిటిల్ స్టింట్ కాళ్లు నలుపు, టెమింక్ స్టింట్ కాళ్లు పసుపు అని చదివి బురదలో తేల్చేసేవాళ్లు తప్పేది ఇక్కడే. పిట్ట నీళ్లలోకి దిగి కాళ్లు కడిగినట్టయ్యేదాకా ఆగాలి. వీపు కూడా చూడాలి, టెమింక్‌ది పెద్దగా మచ్చలు లేని బూడిద రంగు.

చెరువు నుంచి అర కిలోమీటరు జరిగితే చెలక. ఆముదం, కంది, పల్లి కోసిన చేలు, పడావు పడ్డ ఎర్ర దుబ్బ నేల. పట్నం నుంచి వచ్చేవాళ్లు దీన్ని ఖాళీ భూమి అంటారు. ఇక్కడి పిట్టలు కొన్ని చెరువు అంచున దొరకవు. రాయి మీద రాయిలా కలిసిపోయి, నాలుగడుగులు ఉరికి టక్కున ఆగే కోర్సర్ ఉంటుంది. కౌజు పిట్టలు, పూరేళ్లు ఉంటాయి. తీతువుల్లో ముక్కు పక్కన పసుపు తోలు వేలాడేది ఈ ఎండు నేలదే, ఎర్ర తోలుది నీళ్ల పక్కది. మార్చి నుంచి ఇవి ఉత్త నేల మీదే నాలుగు గుడ్లు పెడతాయి, గులకరాళ్లకూ గుడ్లకూ తేడా తెలియదు. పిట్ట మీ మీదికి దూసుకొస్తున్నా, రెక్క విరిగినట్టు కుంటుతూ నడుస్తున్నా ఎక్కడున్నారో అక్కడే ఆగి, వచ్చిన అడుగుల వెంటే వెనక్కి రండి. ఎండలో తల్లి పది నిమిషాలు లేచి ఉన్నా గుడ్డులో పిల్ల మాడిపోవచ్చు. గూడు ఫోటో కోసం కూర్చోవడం దయచేసి మానుకోండి.

ఇసుక రంగు సాండ్‌గ్రౌజ్‌లు చూడాలంటే మాత్రం మళ్లీ నీళ్ల దగ్గరికే రావాలి. చెలకల్లో గింజలు తిని, పొద్దెక్కిన రెండు మూడు గంటలకు గుంపులుగా కుంటకు వచ్చి, నిమిషం కూడా ఉండకుండా తాగి వెళ్లిపోతాయి. ఎండాకాలం చివరి కుంట పక్కన ఎనిమిది నుంచి పది దాకా ఓపిగ్గా కూర్చోవడమే దారి.

పాలపిట్ట ఈ చెలకల్లో కరెంటు తీగల మీద సులువుగా దొరుకుతుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగులా ఉండి, ఎగిరితే రెక్కల్లో నీలం పట్టెలు విచ్చుకుంటాయి. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. దసరా నాడు జమ్మి పూజ అయ్యాక దాన్ని చూడటం మన ఆచారం. ఆ ఆచారం పేరుతో పట్టి పంజరంలో తెచ్చి డబ్బులకు చూపిస్తే ఒక్క రూపాయి ఇవ్వకండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టడమే నేరం. కాళ్లు కట్టేసిన పిట్టను తర్వాత వదిలినా బతకడం కష్టం. ఊరి బయట తీగ మీద కూర్చున్నది చూపిస్తే పిల్లలకు ఆ పండగ ఇంకా బాగా గుర్తుంటుంది.

మక్తల్, కృష్ణా మండలాల వైపు నల్లరేగడి చేలల్లో కృష్ణజింకల మందలు రోడ్డు మీంచే కనిపిస్తాయి. బండి ఆపి, ఇంజను బంద్ చేసి, బండి చాటునే ఉండండి. బైకుతో తరిమి వీడియో తీసేవాళ్ల వల్ల చూలు జింకలు కంచెల మీద పడతాయి. పంట పోగొట్టుకున్న రైతు ముందు జింకను పొగడటం కూడా మర్యాద కాదు. ఆయన నష్టం నిజమైనది.

గుట్టల దగ్గర తెల్లవారకముందే చెవులు పని చేయాలి. రాతి చరియల మీద ఉండే పెద్ద గుడ్లగూబ బు-బూ అని లోతుగా, రెండోది సాగదీసి అంటుంది. పగలు బండ మీంచి సున్నంలా కారిన రెట్ట చారలు, కింద ఎలుకల ఎముకలతో కూడిన ఉండలు కనిపిస్తే దాని కూర్చునే చోటు అదే. దూరం నుంచే చూసి రండి. సీతాఫలాలు పండే సెప్టెంబరు, నవంబరు మధ్య పొద్దు గూకాక, తెల్లవారకముందు గుట్ట ఎక్కొద్దు. ఎలుగుబంటికి ఆ పండు ప్రాణం. దారిలో గింజలు నిండిన పెంట కనిపిస్తే గట్టిగా మాట్లాడుకుంటూ వెనక్కి తిరగండి. అలికిడి లేకుండా ఎదురుపడినప్పుడే అది ఎక్కువగా మీదికొస్తుంది. చరియలకు కొండ తేనెపట్లు వేలాడతాయి, అత్తరు, పొగ రెండూ వద్దు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మాత్రం జంతువుది కాదు. అడవిపందుల కోసం కొందరు చేల చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ లాగుతారు. చీకట్లో కట్టె పుల్లల మీద మోకాలెత్తున సన్నటి తీగ కనిపించదు. ఇలా మనుషులు చనిపోతూనే ఉన్నారు. బాగా తెల్లవారాకే చేలల్లోకి దిగండి, బండ్ల బాట వదలొద్దు, ఏ కంచెనూ ముట్టుకోవద్దు. మడమ పైదాకా వచ్చే బూట్లు వేసుకోండి. రక్తపింజర ఎండుగడ్డిలో కదలకుండా పడి ఉంటుంది. కాటు పడితే కోయడం, బిగించి కట్టడం చేయకుండా, ఆ కాలు కదలకుండా చూసి 108కి ఫోన్ చేసి సర్కారు దవాఖానకు చేరాలి.

కృష్ణ ఒడ్డున జూరాల చుట్టుపక్కల మొసళ్లున్నాయి, నీళ్ల అంచున కూర్చోవద్దు. అక్కడ చూడాల్సింది పసుపు ముక్కు, నల్ల టోపీ ఉండే రివర్ టెర్న్. మార్చి నుంచి మే దాకా నది నడిమి బండల మీద, ఇసుక దిబ్బల మీద గుడ్లు పెడుతుంది. ఎగువ నుంచి నీళ్లు వదిలితే గూళ్లు మునుగుతాయి, నీళ్లు మరీ తగ్గితే దిబ్బ ఒడ్డుకు కలిసి కుక్కలు నడిచొస్తాయి.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే, కానీ పిట్టలు నేర్చుకోవడం అక్కడ మొదలుపెట్టొద్దు. ఆకుల చాటున వినిపించేదే ఎక్కువ, కనిపించేది తక్కువ. చెరువు దగ్గర ఒక ఏడాది కన్ను కుదిరాక పోతే తోకపిగిలి, వడ్రంగిపిట్టలు విడివిడిగా తెలుస్తాయి. ఫరహాబాద్ సఫారీకి అటవీశాఖ అనుమతి కావాలి. శ్రీశైలం రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసి ఉంటుంది. వెంట వచ్చే చెంచు గైడు ఆగమన్న చోట ఆగడం నేర్చుకోండి, కోతి అరుపులో తేడా ఆయనకే తెలుస్తుంది.

చూసింది రాసుకోవడం గురించి చివరగా. పిట్టల లెక్కలు పెట్టే ఈబర్డ్ యాప్‌లో ఎన్ని గంటలకు మొదలై, ఎంత దూరం నడిచి, ఏవి ఎన్ని చూశారో అన్నీ పెట్టండి, కాకులను, గోరువంకలను కూడా. అరుదైనవి మాత్రమే రాస్తే ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. గుంపు పెద్దదైతే ముందు పది పిట్టలు ఎంత జాగా పట్టాయో కంటితో కొలుచుకుని, అలాంటి ముక్కలు ఎన్నో లెక్కపెట్టండి. మెర్లిన్ యాప్ అరుపు విని పేరు చెప్తుంది గానీ, నల్ల ఏట్రింత (డ్రోంగో) జాలె డేగలా (షిక్రా) అరుస్తుంది. పిట్టను కంటితో చూడకుండా డేగ అని రాయొద్దు. ఆసియా అంతటా ఏటా జనవరిలో జరిగే నీటిపిట్టల గణన 1987లో మొదలైంది, మీ చెరువు లెక్క దానికీ చేరొచ్చు.

యాప్‌లో లేనిది ఒకటి నోటుబుక్కులో రాయాలి, నీటి మట్టం. కట్ట లోపలి రాతి పరుపులో పైనుంచి ఎన్ని వరుసలు తేలాయో, లేదా తూము దగ్గర ఎన్ని మెట్లు బయటపడ్డాయో పోయిన ప్రతిసారీ లెక్కపెట్టి తేదీ పక్కన రాయండి. రెండేళ్లు రాస్తే ఏ మెట్టు తేలినప్పుడు స్టింట్లు దిగుతాయో, ఏ మెట్టుకు ఎర్రకాళ్ల కొంగలు వస్తాయో మీ చెరువుకు మీకే తెలుస్తుంది. అప్పుడు ఊళ్లో ఎవరికైనా ఫోన్ చేసి, "అన్నా, తూము మెట్లు ఎన్ని తేలినయే?" అని అడిగి బయల్దేరొచ్చు.